ఆరో మేకు

పోయిన వారం కంపోజిటర్ని రోడ్డుకి ఇవతల, చంకలో అట్టపెట్టెతో వదిలేశాం. అవతల బూట్లు బాగుచేసే షాపు. పెట్టెలో ఉన్నవి పద్నాలుగేళ్ల తర్వాత కోర్టు తిరిగిచ్చిన అతని నల్ల బూట్లు. చొక్కా జేబులో ఉన్నది ఒక ఫోటో. అతను పనిచేసిన ప్రెస్సు ఓనరు హత్య జరిగిన గదిలో, గుమ్మం దగ్గర, రక్తంలో పడిన కుడి మడమ అచ్చు. ఆ ఒక్క అచ్చుతోనే అతను హంతకుడయ్యాడు. శిక్ష పూర్తయి బయటికొచ్చి ఏడు నెలలైంది. గేటు తీసి పంపించారు గాని, చెయ్యలేదని ఎవరూ అనలేదు. కాగితాల్లో అతను ఇప్పటికీ హంతకుడే.

ఆ ఫోటో అతను దగ్గరగా చూసింది నిన్న సాయంత్రమే. కేసు మళ్లీ తెరిపించాలని పట్టుబట్టి, లాయరమ్మని వెతికి పట్టుకున్నది అతని కూతురు. ఆ పిల్ల రికార్డు నకళ్లన్నీ తెచ్చి బల్ల మీద పరిచింది. కొత్త సంగతి ఒక్కటి కావాలి, ఒక్కటి చాలు అని లాయరమ్మ అన్నదట. కంపోజిటరు ఫోటో తీసుకుని బూటు పక్కన పెట్టి చూశాడు. చూస్తూనే కుర్చీలోంచి లేచాడు.

పోలీసులు చూశారు ఆ ఫోటో. నిపుణుడు చూశాడు, జడ్జి చూశాడు. కాని వాళ్లెవరూ సీసపు అక్షరాలు పేర్చి బతికినవాళ్లు కారు. కంపోజిటరు చేతిలో అక్షరం ఎప్పుడూ తిరగబడే ఉంటుంది; కాగితం మీద అది ఎలా పడుతుందో అతను మనసులోనే తిప్పి చదువుకుంటాడు. బూటు మడమ కూడా అతనికి అలాగే కనబడింది. మడమకి కొట్టిన ఇనుప లాడానికి ఆరు మేకులు. ఫోటోలో అయిదు నల్లటి చుక్కలు. ఆరో చుక్క ఉండాల్సిన చోట తెల్లటి సున్నా. అక్కడ రక్తం సరిగా అంటలేదని నిపుణుడు రాశాడు. సిరా అంటని అక్షరం ఎలా ఉంటుందో, అసలు పెట్టడం మర్చిపోయిన అక్షరం ఎలా ఉంటుందో కంపోజిటర్ని అడిగితే చెప్పేవాడు. అడగలేదు. బోనులో ఉన్నవాణ్ని అడిగింది ఒకటే ప్రశ్న. ప్లాస్టిక్ సంచిలో బూట్లు పైకెత్తి, ఇవి నీవేనా అన్నారు. "నావే," అన్నాడు. ఆ ఒక్క మాటకి పద్నాలుగేళ్లు.

ఆ షాపు పెద్దాయనకి ఒక అలవాటుంది. లాడం కొడితే అయిదు మేకులే కొడతాడు. ఆరోది బూటు సొంతదారు వచ్చి ఎదురుగా నిలబడ్డాక కొడతాడు. కొడుతూ, ఇది ఎవరి కాలో బూటుకి తెలియాలి బాబూ అని నవ్వేవాడు. అసలు కారణం వేరే. ఒకసారెవరో ఇంటికెళ్లి లాడం వదులుగా ఉందని గొడవ చేశారట. అప్పట్నుంచి చివరి దెబ్బ వాళ్ల కళ్లముందే.

కంపోజిటరు తన బూట్లు లాడం కొట్టమని సోమవారం ఇచ్చాడు. మంగళవారం ప్రెస్సుకి సెలవు. ఆ మధ్యాహ్నం నాలుగు గంటల వేళ ఓనరు హత్య జరిగింది. బుధవారం వెళ్లి బూట్లు తెచ్చుకున్నాడు. కోర్టులో అదే చెప్పాడు. బూట్ల పెద్దాయన సాక్షిగా వచ్చి, మంగళవారం పొద్దున్నే తీసుకెళ్లిపోయాడని చెప్పాడు. అందరూ పెద్దాయన మాటే నమ్మారు. ఆరో మేకు లేని అచ్చు మాత్రం అన్నాళ్లూ ఫైల్లో మౌనంగా ఉండిపోయింది.

కంపోజిటరు రోడ్డు దాటాడు.

షాపులో జిగురు వాసన, తోలు వాసన. గోడ పొడుగునా అరలు, అరల్లో చీటీలు కట్టిన జతలు. కిటికీ దగ్గర కుట్టుమిషన్ మీద ఒకావిడ స్కూలు పిల్లల సంచికి జిప్పు వేస్తోంది. ఆ పక్కనే ముక్కాలి పీట మీద పెద్దాయన, బూటు తొడిగి మేకులు కొట్టడానికి తలకిందులుగా నిలబెట్టిన ఇనుప పాదం ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. చేతులు వణుకుతున్నాయి. పని ఎప్పుడో మానేసినట్టున్నాడు. చోటు మాత్రం మానలేదు.

ఎవరు కావాలని మిషన్ ఆపకుండానే అడిగిందావిడ. పెద్దాయనతో పని అన్నాడు.

"గట్టిగా మాట్లాడండి. మామయ్యకి వినబడదు. నేను విసుక్కునేవి మాత్రం పక్కింట్లోంచి కూడా వినబడతాయి."

కంపోజిటరు పెట్టె విప్పి, కుడి బూటు తీసి పెద్దాయన చేతిలో పెట్టాడు.

పెద్దాయన అతని మొహం చూడలేదు. బూటు తిప్పి, మడమ మీద బొటనవేలు ఆడించాడు. ఒక్కో మేకు తల మీదా ఆగుతూ వెళ్లింది ఆ వేలు. మూలన తను అప్పట్లో ఆకురాయితో రుద్దిన గాటు దగ్గర కాసేపు ఆగింది. అప్పుడు తలెత్తాడు.

"వచ్చావా బాబూ," అన్నాడు. ఎదురుచూసి ఎదురుచూసి వదిలేసుకున్నవాడు పలకరించినట్టు ఉంది ఆ మాట.

తర్వాత కోడలి వైపు తిరిగి, బ్యాంకు పని ఉందన్నావుగా, వెళ్లి రా అన్నాడు. బ్యాంకు పని నిన్నే అయిపోయిందని ఆవిడ అంది. అయితే ఇవాళ కూడా వెళ్లు అన్నాడు. ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మిషన్ మీద గుడ్డ కప్పి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

కంపోజిటరు ఫోటో తీసి ఇనుప పాదం మీద పెట్టాడు. అడగాల్సింది నిన్నటి నుంచీ వంద రకాలుగా పేర్చుకున్నాడు. తీరా నోట్లోంచి గట్టిగా వచ్చింది చిన్న ప్రశ్న.

"పెద్దాయనా, ఈ ఆరో మేకు ఎప్పుడు కొట్టావు?"

పెద్దాయన ఫోటో చూశాడు. కళ్లద్దాలు పైకి తోసుకుని మళ్లీ చూశాడు. ఆ తెల్లటి సున్నాని ఆయన కూడా ఇప్పుడే చూస్తున్నాడు. ఇంతకాలం తను దాచాననుకున్నది దాగనే లేదని, తన చేతి పనే సాక్ష్యం చెప్పి కూర్చుందని ఆయనకి అర్థమవుతున్నట్టుంది.

"బుధవారం," అన్నాడు చివరికి. "నీ ఎదురుగానే. నువ్వు ఇక్కడే నిలబడ్డావు. పాపకి జ్వరం తగ్గిందని చెప్పావు."

కంపోజిటరు గోడకి చేరగిలబడ్డాడు. బుధవారం. ఎన్నిసార్లు ఈ మాట అన్నాడో లెక్కలేదు. పోలీసులతో, తన లాయరుతో, జడ్జితో, చివరికి తన సెల్లు గోడతో. మొదటిసారి ఇంకొకరి నోట విన్నాడు. కోపం వస్తుందనుకున్నాడు. రాలేదు.

మంగళవారం బూట్లు నీ దగ్గరే ఉంటే ఆ గదిలోకి ఎవరి కాళ్ల మీద వెళ్లాయని అడిగాడు.

అప్పుడు పెద్దాయన చెప్పుకొచ్చాడు. ఆగుతూ, నీళ్లు తాగుతూ, వేళ్లతో బూటు లేసు తిప్పుకుంటూ.

షాపుకి వచ్చినవాళ్లని ఉత్తికాళ్లతో కూర్చోబెట్టడం ఆయనకి ఇష్టం ఉండేది కాదు. తెగిన జోడు అక్కడ వదిలేసి, ఈలోగా బజారు పని చూసుకొస్తామనేవాళ్లు. అలాంటివాళ్లకి అరలో తయారుగా ఉన్న ఇంకొకళ్ల జత తీసి ఇచ్చేవాడు. ఒక గంట, రెండు గంటలు. తిరిగొచ్చాక తుడిచి, పాలిష్ కొట్టి, మళ్లీ అరలో పెట్టేవాడు. సొంతదారుకి తెలిసేది కాదు. ఎన్నో ఏళ్లు అలా చేశాడు. అందులో తప్పుందని ఆయనకి అనిపించలేదు. తెలిస్తే మాత్రం పరువు పోతుందని అనిపించేది.

ఆ మంగళవారం మూడింటికి ఒకావిడ వచ్చింది. చెప్పు పట్టీ తెగింది. ఎక్కడికో అర్జంటుగా పోవాలన్నట్టు గుమ్మంలోనే నిలబడింది. ఆవిణ్ని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. తయారుగా ఉన్న ఆడవాళ్ల జత ఒక్కటీ లేదు. మగవాళ్లవాటిలో చిన్న సైజువి ఆ నల్ల బూట్లే. అవీ ఆవిడకి పెద్దవే. ముందు భాగంలో దూది కూరి, లేసులు బిగించి కట్టి పంపించాడు. ఆరో మేకు ఇంకా కొట్టలేదు. ఆవిడ సొంతదారు కాదు కదా.

అయిదు దాటాక చూస్తే బూట్లు షాపు మెట్టు మీద ఉన్నాయి. కాగితంలో చుట్టి. తడిసి ఉన్నాయి. కుళాయి కింద పెట్టి కడిగినట్టున్నారు. ఆవిడ లేదు, తన చెప్పుల కోసం లోపలికి రానూ లేదు.

"బురద తొక్కిందేమో, నొచ్చుకుని కడిగిందనుకున్నా. ఆరబెట్టి నా చేత్తోనే పాలిష్ కొట్టా. మర్నాడు నువ్వొచ్చావు. మేకు కొట్టి ఇచ్చా." పెద్దాయన తన చేతుల వైపు చూసుకున్నాడు. "లాడం కింద రక్తం మిగిలిందట. పోలీసులు సందులో గీకి చూస్తే దొరికిందట, కొంచెం."

కంపోజిటరు గోడ వదిలి ముందుకి జరిగాడు. ఇదే కొత్త సంగతి. ఇది చాలు. కూతురి మొహం కళ్లముందు కదిలింది. బళ్లో పక్కన కూర్చునేవాళ్లు లేక కిటికీ పక్కనే ఒంటరిగా చదువుకున్న పిల్ల. కాలేజీ దరఖాస్తులో తండ్రి పని అన్నచోట ఏం రాయాలని అడగడానికి మొహమాటపడి, ఖాళీగా వదిలేసిన పిల్ల. ఇవాళ ఇంటికెళ్లి ఆ ఖాళీలో ఏం రాయాలో చెప్పొచ్చు.

పెద్దాయన చేతులు పట్టుకున్నాడు. ఈ మాటలే రేపు పదింటికి లాయరమ్మ దగ్గర చెప్పమన్నాడు. శాపనార్థాలు పెట్టడానికి రాలేదని, అయిందేదో అయిందని, ఇది మాత్రం చెప్పి పుణ్యం కట్టుకోమన్నాడు. ఆవిడెవరో పోలీసులే వెతుక్కుంటారు అన్నాడు.

పెద్దాయన చేతులు విడిపించుకుని లేచాడు. పీట ఎక్కబోతే కంపోజిటరు పట్టుకోవలసి వచ్చింది. అన్నిటికంటే పై అరలో, పాత కొయ్య పాదాల అచ్చుల వెనక నుంచి ఒక కాగితం పొట్లం తీశాడు. దాని మీద దుమ్ము లేదు. ఎవరో తరచుగా తీసి చూసి పెడుతున్నట్టుంది.

"వెతకక్కర్లేదు బాబూ," అన్నాడు.

పొట్లంలో ఒక జత గోధుమరంగు చెప్పులు. చీటీ ఇంకా దారంతో వేలాడుతోంది. ఎడమదాని పట్టీ కొత్తగా కుట్టి ఉంది. పట్టీకి కంపెనీవాళ్లు వేసిన చిల్లులు నాలుగు. వాటికి పైన, కాస్త పక్కకి ఒరిగి, చేత్తో పొడిచిన అయిదో చిల్లు.

ఆమె కాలు సన్నం. పట్టీ ఎంత బిగించినా జారిపోతోందంటే, ప్రెస్సు నుంచి అక్షరాలు పీకే సూది తెచ్చి, వంటింటి గుమ్మంలో కూర్చుని తనే పొడిచాడు. వంకరగా వచ్చింది. అక్షరాలైతే తిన్నగా పేరుస్తావు, నా చెప్పు దగ్గరికొచ్చేసరికి వంకరా అని ఆమె నవ్వింది. అప్పటికి పెళ్లయి మూడేళ్లు.

షాపు బయట ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. కంపోజిటరు చెప్పు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అవి నీ భార్యవని పెద్దాయన అనలేదు. ఇవెక్కడివని అతను అడగలేదు.

పెద్దాయనే మళ్లీ మొదలుపెట్టాడు. కోర్టుకి వెళ్లేదాకా ఆవిడెవరో తనకి తెలియదన్నాడు. నిజం చెప్పేద్దామనే వెళ్లాడట. షాపు మూతపడితే పడనీ అనుకుని, ఇంట్లో కూడా చెప్పి బయల్దేరాడట. బోనెక్కి ప్రమాణం చేసి, ఇటు తిరిగి చూశాడు. ముందు బెంచీలో ఆవిడ. ఒళ్లో రెండేళ్ల పిల్ల, చేతిలో బిస్కెట్టు. ఆవిడ కూడా చూసింది.

"బతిమాలినట్టు చూడలేదు బాబూ. బెదిరించినట్టూ చూడలేదు. ఇంక నీ ఇష్టం అన్నట్టు చూసింది. పిల్ల బిస్కెట్టు కింద పడేసుకుంది, ఆవిడ వంగి తీసింది. ఆ వంగి లేచే లోపల నేను అనేశాను. మంగళవారం పొద్దున్నే ఆయనే తీసుకెళ్లాడని." పెద్దాయన ముక్కు తుడుచుకున్నాడు. "ఇద్దరిలో ఒకళ్లు లోపలికి పోతారు. పిల్లకి తల్లి ఉండాలనుకున్నా. అలా అనుకోడానికి నేనెవర్ని? ఆ ప్రశ్న ఇంటికెళ్లాక వచ్చింది."

కంపోజిటరుకి ఆ రోజు వేరేలా గుర్తుంది. పెద్దాయన తర్వాత తన భార్య బోనెక్కింది. ఆ మంగళవారం తామిద్దరం ఇంట్లోనే ఉన్నామని, పాపకి జ్వరమని, ఎవరం గడప దాటలేదని చెప్పింది. అది అబద్ధమని కంపోజిటరుకి తెలుసు. ఆమె జ్వరం మందు తెస్తానని రెండున్నరకి వెళ్లి అయిదున్నరకి వచ్చింది. తనని కాపాడ్డానికే ఇద్దరం ఉన్నామని గట్టిగా చెబుతోందనుకున్నాడు. తనూ తలూపాడు. అవతలి లాయరు, ఆమెని నాలుగింటికి వీధిలో చూసిన మందుల షాపువాణ్ని పిలిపించాడు. ఆమె మాట ఒకటి అబద్ధమయ్యేసరికి, తను ఇంట్లో ఉన్నాడన్న నిజం కూడా దాంతోపాటే కొట్టుకుపోయింది. అయినా అతనికి ఆమె మీద కోపం రాలేదు సరికదా, నా కోసం కోర్టులో అబద్ధమాడిందని పద్నాలుగేళ్లూ లోలోపల పొంగిపోయాడు. జైల్లో పక్కవాళ్లకి కూడా గొప్పగా చెప్పుకున్నాడు.

విడుదలైన రోజు గేటు దగ్గరికి ఆమె కొత్త బూట్లు తెచ్చింది. లేసుల్లేనివి. లోపల లేసులు ఇవ్వరు. ముడి వేయడం తన వేళ్లు మర్చిపోయి ఉంటాయని ఎలా ఊహించిందో అని ఆశ్చర్యపడ్డాడు. ఇప్పుడు ఆ బూట్లే అతని కాళ్లకి ఉన్నాయి. వాటి వైపు చూడలేకపోయాడు.

"చెప్పొద్దు," అన్నాడు.

పెద్దాయనకి వినబడలేదు. లేక వినబడనట్టు ఉన్నాడు. కంపోజిటరు దగ్గరికి జరిగి మళ్లీ అన్నాడు. రేపు రావద్దన్నాడు. నేను కూడా రాలేదనుకో, ఈ బూట్లు చూడలేదనుకో అన్నాడు. నిజం చెప్పమని పట్టుకున్న చేతుల్నే మళ్లీ పట్టుకుని, చెప్పొద్దని బతిమాలాడు. అయిదు నిమిషాల్లో మనిషి ఇలా తిరగబడతాడని అతనే ఎప్పుడూ అనుకోలేదు.

"నీ కూతురు పోయిన నెల వచ్చింది," అన్నాడు పెద్దాయన. "గుర్తులేదని పంపేశా. ఆ మెట్లు దిగుతూ కళ్లు తుడుచుకుంది. ఆ పిల్ల కోసమే చేశాననుకున్నా ఇన్నాళ్లూ. ఆ పిల్లే వచ్చి అడుగుతోంది, మా నాన్న చెయ్యలేదు కదా అని. నేనేం చెప్పను? నా వల్ల కాదు బాబూ. రేపు పదింటికి వస్తా. నువ్వు కాదన్నా వస్తా. నా కోడలే తీసుకొస్తుంది. ఈలోగా మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటారో మాట్లాడుకోండి."

"పద్నాలుగేళ్లు నోరు మూసుకున్నావు. ఇంకో రెండేళ్లు మూసుకోలేవా?"

అది అనకుండా ఉండాల్సింది. పెద్దాయన నొచ్చుకోలేదు. చెప్పులు కాగితంలో చుట్టి, దారం కట్టబోయాడు. చేతులు వణికి ముడి పడలేదు. కంపోజిటరు అందుకున్నాడు. అతనికీ పడలేదు. చివరికి పొట్లం అలాగే మడిచి పెట్టెలో బూట్ల కింద తోశాడు.

ఇంటికెళ్లే దారిలో కాలవ మీద వంతెన ఉంది. అక్కడ పెట్టె దించి కాసేపు నిలబడ్డాడు. పొట్లం ఒక్కటి విసిరేస్తే పెద్దాయన మాట ఒట్టి మాటగా మిగులుతుంది. ముసలాడి మతిమరుపు అనొచ్చు. చెయ్యి పెట్టెలోకి వెళ్లింది. వేళ్లకి ఆ వంకర చిల్లు తగిలింది. పెట్టె మూసి మళ్లీ చంకన పెట్టుకున్నాడు.

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. కూతురు బల్ల దగ్గర ఫైళ్ల మధ్య కూర్చుని ఉంది. తండ్రి గుమ్మంలోకి రాగానే లేచి నిలబడింది. ఇంకా ఆ అలవాటు పోలేదు. చుట్టాలొచ్చినప్పుడు లేచినట్టు లేస్తుంది.

"ఏమన్నాడు నాన్నా? బుధవారం అని ఒప్పుకున్నాడా?"

బయటికొచ్చాక హాస్పిటల్ లాండ్రీలో దొరికిన దుప్పట్లు మడిచే పనిలో అతనికి మంచి పేరుంది. ప్రెస్సులో అచ్చయిన ఫారం మడిచినట్టు అంచుకి అంచు కలిపి మడుస్తాడని అందరూ అంటారు. ఆ నేర్పుతోనే మొహం మడుచుకుని, గుర్తులేదన్నాడు అని చెప్పాడు. వయసైపోయింది, చెవులు కూడా వినబడటం లేదు అన్నాడు. ఇంక వదిలేద్దాం అన్నాడు. బయటే ఉన్నాను కదా, కాగితాల మీద ఏముంటే నాకేం అన్నాడు.

కూతురు ఏడవలేదు. అదే అతన్ని భయపెట్టింది.

"మీకేం లేకపోవచ్చు. నాకుంది. చిన్నప్పుడు నేను మీ ఫోటో చూసి, ఈయన చంపాడా లేదా అని రోజూ అనుకునేదాన్ని. ఒకరోజు చంపలేదనిపించేది, ఒకరోజు చంపాడనిపించేది. ఇంక అలా అనుకోవడం నా వల్ల కాదు నాన్నా."

అతను మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాడు. గ్లాసు నింపుకుని తాగకుండా నిలబడ్డాడు. ఇవతల గదిలో అట్టపెట్టె మూత లేచిన చప్పుడు. రేపు చూపించడానికి మడమ ఫోటో తీస్తానని పొద్దున్నే అంది. మర్చిపోయాడు. పద్నాలుగేళ్లుగా ఒక్క వివరం మర్చిపోనివాడు అది మర్చిపోయాడు.

అతను వచ్చేసరికి కూతురి చేతిలో కాగితం పొట్లం విప్పి ఉంది. చెప్పులు చూడటం లేదు. చీటీ చూస్తోంది. పెద్దాయన గుండ్రటి రాత, నంబరు, తేదీ. ఆ తేదీ ఈ ఇంట్లో ప్రతి ఫైలు మీదా ఉంది.

"ఇది ఆ మంగళవారం," అంది నెమ్మదిగా. "ఇవి ఎవరివి?"

మెట్ల మీద అడుగుల చప్పుడు. అతని భార్యకి కళ్లద్దాల షాపులో పని అయిదున్నరకి అయిపోతుంది. ఆరుకల్లా ఇంట్లో ఉంటుంది. కంపోజిటరు పొట్లం లాక్కోబోయాడు. కూతురు వదల్లేదు. ఇద్దరూ చెరో కొస పట్టుకుని ఉండగానే తలుపు తెరుచుకుంది.

ఆమె సంచి కింద పెట్టింది. గోళ్ల కింద అద్దాలు అరగదీసిన తెల్లటి పొడి ఇంకా ఉంది. కాలిజోడు విప్పుతూ తలెత్తి, చూసింది. కాగితం, చీటీ, బల్ల మీద నల్ల బూట్లు. చివరగా భర్త మొహం. అతను తల అడ్డంగా ఊపాడు. వద్దు అన్నాడు, నోరు తెరవకుండా.

ఆమె వచ్చి, కూతురి చేతిలోంచి ఎడమ చెప్పు తీసుకుంది. నేల మీద కూర్చుని కాలు దూర్చింది. పట్టీ లాగి, నాలుగు చిల్లులూ దాటి, అయిదో వంకర చిల్లులో పిన్ను పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

"కుట్టేశాడన్నమాట," అంది.

కూతురు అడుగు వెనక్కి వేసింది. ఆ పిల్లకి చెప్పు అర్థమైంది, చీటీ అర్థమైంది. ఫైల్లో ఉన్న అచ్చు ఎవరి కాలిదో అర్థమవుతోంది. నాన్న వైపు చూసింది. ఆయన గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

"కూర్చో పాపా," అంది తల్లి. "ఏవండీ, మీరూ ఇటు తిరగండి. మీరు నా కోసం దాచక్కర్లేదు. నేను కోర్టులో దాచింది మీ కోసం కాదు కదా."

అతను తిరిగాడు.

"ఆ కాలు నాదే. కాని నేను లోపలికి వెళ్లేసరికి మీ ఓనరు బతికే ఉన్నాడు."